రగ్బీ సంఘం మీద నా కుళ్లు

మీరు ఎప్పుడైనా ఒక సంఘాన్ని చూసి కుళ్లుకున్నారా? పక్కింటివాడి కారును చూసి, తోడికోడలి నగను చూసి కుళ్లుకోవడం మనకు అలవాటే. నేను మాత్రం, మనుషుల కంటే గొర్రెలే ఎక్కువని చెప్పుకునే ఒక దూరదేశంలో జీతానికి రగ్బీ ఆడేవాళ్లు పెట్టుకున్న కార్మిక సంఘాన్ని చూసి కుళ్లుకున్నాను. ఇప్పటికీ కుళ్లుకుంటూనే ఉన్నాను. జహీరాబాద్‌లో ఈ జబ్బు నాకు తప్ప ఇంకెవరికీ ఉండదు.

నా చెల్లెలి బిడ్డ రగ్బీ ఆడుతుంది. గురుకుల పాఠశాలలో పరుగు పందేలు గెలుస్తుంటే ఒక కోచ్ చూసి కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతిలో పెట్టాడు. దాన్ని చంకలో ఇరికించుకుని పరిగెత్తాలి, ఎదుటివాళ్లు నడుము పట్టి పడేస్తారు. కబడ్డీ ఎరిగిన ఊరికి ఇంతకు మించి వివరించనక్కర్లేదు. ఇప్పుడు ఒక నగర జట్టు ఆమెను కాంట్రాక్టు మీద తీసుకుంది. మైదానంలోకి దిగితే ఫీజు. దిగకపోతే లేదు.

పోయిన సీజన్ మధ్యలో నాలుగు రోజుల సెలవుకు ఇంటికి వచ్చింది. బస్సు దిగి వచ్చేసరికే చున్నీ కళ్ల మీదికి లాక్కుని ఉంది. వెలుతురు గుచ్చుతోందట. మధ్యాహ్నం అన్నం దగ్గర, "అమ్మా, నాకు రొట్టె పెట్టలే?" అంది. జొన్నరొట్టె ఆమె చేతిలోనే ఉంది.

మా చెల్లెలు లోపలికి పోయి ఎండుమిరపకాయలు, ఉప్పు గుప్పిట్లో పట్టుకొచ్చింది. నేను లేచాను.

"మిరపకాయలతోని ఏమైతదే? దవాఖానకు తీస్కపోదాం పా."

"అన్నా, నీ ఉపన్యాసం జర ఆపు. దవాఖానకు పోదాం, దిష్టి కూడ తీస్త. గంతమంది ముంగట ఉరికే పిల్లకు దిష్టి తగలదా?"

"దిష్టి కాదమ్మా, మోకాలు తగిలింది," అంది మేనకోడలు, కళ్లు మూసుకునే.

అప్పుడు బయటపడింది సంగతి. మూడు రోజుల కింద మ్యాచ్‌లో ఎదుటి జట్టు పిల్ల మోకాలు ఆమె కణతకు తగిలింది. వచ్చే ఆదివారం మళ్లీ మ్యాచ్ ఉంది.

"పరీక్ష పెట్టలేదా?" అన్నాను.

"పెట్టిన్రు మామా. పాసైన."

"చేతిల రొట్టె పెట్టుకొని రొట్టె అడిగినదానివి, ఎట్ల పాసైనవు?"

ఆమె నవ్వి కిటుకు చెప్పింది. సీజన్ మొదట్లో ప్రతి ఆటగత్తెకూ ఒక పరీక్ష ఉంటుంది. పది మాటలు చదివి వినిపించి తిరిగి చెప్పమంటారు. నెలల పేర్లు వెనక నుంచి ముందుకు చెప్పమంటారు. తలకు దెబ్బ తగిలిన రోజు మళ్లీ అదే పరీక్ష పెట్టి రెండింటినీ పోల్చి చూస్తారు. అందుకని పిల్లలు మొదటి పరీక్షలోనే కావాలని తప్పులు చేస్తారు. బాగున్న రోజున మొద్దుగా కనబడితే, దెబ్బ తగిలిన రోజున తేడా తెలియదు కదా! కొత్తగా వచ్చిన పిల్లకు పాతవాళ్లు బూట్ల తాడు బిగించడం కంటే ముందు ఇది నేర్పుతారట.

"మొదటి పరీక్షల తొమ్మిది మాటలు యాదికుండె. నాలుగే చెప్పిన. నిజం చెప్తే బెంచీ మీద కూసోవెడ్తరు. నా జాగల ఇంకొకతి దిగుతది. ఆమె మంచిగాడితే నా జాగ పాయె."

ముప్పై ఏళ్లుగా సత్యం గురించి వ్యాసాలు రాస్తున్నవాణ్ణి. సభల్లో బాబాలను నిలదీసినవాణ్ణి. ఆ పిల్లతో అబద్ధమాడకు అనడం సులభం. నిజం చెప్పినందుకు పోయే జాగను ఎవరు కాపాడతారు? నేనా?

సరిగ్గా అప్పుడే మేనకోడలికి వీడియో ఫోన్ వచ్చింది. చేసింది నేను మొదట చెప్పిన ఆ దూరదేశపు పిల్ల, నిరుడు మేనకోడలి జట్టులోనే ఆడి వెళ్లింది. ఆమె ఇంగ్లిష్ సగమే నాకు అందింది, మిగతాది మేనకోడలు చెప్పింది. వాళ్ల దగ్గర గాయంతో కూర్చున్న ఆటగత్తెకూ జీతం ఆగదు. ఆ షరతును సంఘం ఒప్పందంలో రాయించింది. తలకు దెబ్బ తగిలితే డాక్టర్ మాటే చివరి మాట, కోచ్‌కు నోరు లేదు. ప్రతి జట్టూ తనలోంచి ఒకరిని సంఘం తరఫున ఎన్నుకుంటుంది. పరీక్షలో మాటలు మింగే సంగతి మావాళ్లు చెబితే ఆ పిల్లకు అర్థమే కాలేదట. "ఎందుకు?" అని అడిగిందట.

ఆ "ఎందుకు" నన్ను కాల్చింది. పేలు వెతికే కళ్లతో ఆ సంఘంలో తప్పు వెతికాను.

"చందా కట్టాలె గద?"

"సంతోషంగ కడ్తరంట."

"నాయకులు తింటలేరా?"

దాన్ని మేనకోడలు అనువదించలేదు. తెర మీద ఆ పిల్ల మెడలో వెండి సిలువ కనబడింది. దొరికిందనుకున్నాను.

"మెడల సిలువ ఉన్నది గద. సంఘం ఏమనదా?"

ఇద్దరూ పకపకా నవ్వారు. "సిలువకు, సంఘానికి ఏం సంబంధమని అడుగుతున్నది మామా."

ఏం సంబంధమో చెప్పాలంటే నా సిగ్గు చెప్పాలి. ఇరవై నాలుగేళ్ల వయసులో నేను కబడ్డీ ఆటగాళ్ల సంఘం పెట్టాను. కోహీర్ నుంచి, ఝరాసంగం నుంచి షేర్ ఆటోల్లో మొదటి సమావేశానికి పదకొండు మంది వచ్చారు. మడమలు విరిగినవాళ్లు, భుజాలు జారినవాళ్లు. ఒకడు కర్ర పట్టుకుని వచ్చాడు. నేనేం చేశాను? సంఘం నియమావళిలో మొదటి షరతుగా రాశాను: కబడ్డీ కోర్టు ముందు నిమ్మకాయ కోసేవాడికి, చేతికి తాయెత్తు కట్టేవాడికి సభ్యత్వం లేదు. కర్ర పట్టుకున్నవాడు తన తాయెత్తును చూసుకుని, లేచి వెళ్లిపోయాడు. జనం మూఢులు కాబట్టి సంఘం పోయిందని ఇన్నాళ్లూ చెప్పుకుంటూ తిరిగాను.

"నీ సంఘంల ఎంతమంది ఉండె మామా?"

"మొదటి రోజు పదకొండు మంది."

"ఆఖరి రోజు?"

"నేను, చాయ్ తెచ్చినాయన."

"ఆయన సభ్యుడా?"

"కాదు. ఆయనకు దేవునికి దండం పెట్టే అలవాటున్నది."

చెల్లెలు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ సంఘం బతికి ఉంటే ఈ పిల్ల ఐదు మాటలు మింగాల్సి వచ్చేదా అని మాత్రం ఎవరూ అడగలేదు. నన్ను నేనే ప్రశ్నించుకున్నాను.

దవాఖానలో డాక్టర్ మూడు వారాలు ఆడొద్దన్నాడు. తిరిగి వచ్చాక మేనకోడలు గోడకు ఆనుకుని కూర్చుని, "ఒక్కదాన్ని చెప్తే నన్ను తీసేస్తరు. పన్నెండు మందిమి కలిసి చెప్తే?" అంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టింది. అందరికీ కొత్తగా, నిజమైన పరీక్ష పెట్టాలి. గాయంతో కూర్చున్నా ఫీజు ఇవ్వాలి. జట్టు మేనేజర్‌కు రాసే ఉత్తరంలో ఈ రెండే.

"నేను రాసిస్త బిడ్డా."

"వద్దు మామా, నువ్వు రాస్తే నాలుగు పేజీలైతది."

ఫోన్‌లో ఒక పిల్ల, గుడికి పోయి దేవుణ్ణి పువ్వు అడిగి, అది కుడివైపు రాలితే సంతకం పెడతానంది. నేను నోరు తెరిచాను. చెల్లెలు నన్ను ఒక్క చూపు చూసింది. నోరు మూశాను. నా జీవితంలో నేను చేసిన ఉత్తమ ప్రసంగం అదే.

ఎనిమిది మంది సంతకాలు పెట్టారు. ఆదివారం మా పిల్ల ఆడలేదు. ఆమె జాగాలో దిగిన పిల్ల కూడా ఆ ఎనిమిది మందిలో ఉంది. మేనేజర్ ఇంకా జవాబివ్వలేదు. వచ్చే ఏడు కాంట్రాక్టు ఉంటుందో లేదో తెలియదు. నా కుళ్లు చల్లారలేదు, రెండింతలైంది. నేను ఏళ్ల తరబడి చేయలేనిది ఆ పిల్ల తలనొప్పితో, ఒక్క పూటలో చేసింది.

మీ ఇంట్లో, మీ వీధిలో ఆటతో బతికే పిల్ల ఉంటే ఇవాళే పోయి అడగండి: దెబ్బ తగిలిందని చెప్పినవాళ్ల జాగను మీ జట్టులో ఎవరు కాపాడతారు? ఎవరూ లేరంటే ఆ పిల్లకు నీతులు చెప్పకండి. జట్టునంతా మీ ఇంటికి పిలవండి, చాప వేయండి, వాళ్లలోంచి ఒకరిని వాళ్లే ఎన్నుకునేదాకా లేవనీయకండి.