తలుపు పక్క మంచం

నా చిన్నప్పుడు, నాలుగో తరగతిలో ఉండగా, మా అమ్మను ఆయాసంతో ఆసుపత్రిలో చేర్చారు. అది ఉగాదికి ముందు వారం. వేసవి సెలవుల్లో అని మా చెల్లెలు ఇప్పటికీ వాదిస్తుంది కానీ, సెలవులు కావు. నేను బడి మానుకొని వెళ్లాను. ఆ ఆసుపత్రి మైదుకూరు నుంచి బస్సులో పోయేంత దూరంలో ఉండేది. పేరు రాయను. ఇప్పుడు అక్కడ పనిచేసేవాళ్లకు ఆనాటి సంగతితో సంబంధం లేదు.

అమ్మ నాపరాళ్ల గనిలో కూలికి పోయేది. ఆ దుమ్మే ఊపిరితిత్తుల్లో చేరిందని డాక్టరు చెప్పాడు. ఆడవాళ్ల వార్డులో, నర్సులు కూర్చునే బల్ల పక్కనే ఆమెకు మంచం ఇచ్చారు. వార్డు మొత్తానికి ఉన్న ఒకే ఒక్క ఆక్సిజన్ సిలిండరు కూడా ఆ బల్ల దగ్గరే ఉండేది.

వార్డుకు ఆ చివర, వరండా తలుపు పక్కన ఉన్న మంచాన్ని అందరూ అదృష్టం మంచం అనేవాళ్లు. దాని మీద పడుకున్నవాళ్లెవరూ చనిపోలేదట. ఇంటికి పోయే ప్రతి మనిషీ దాని ఇనుప కమ్మీకి ఒక పసుపు దారం కట్టి పోయేది. దారం మీద దారం పడి, ఆ కమ్మీ నా మణికట్టంత లావైంది. ఆయాలు పనిలోకి దిగే ముందు దాన్ని తాకి కళ్లకద్దుకునేవాళ్లు. నర్సులూ తాకేవాళ్లు, కాకపోతే దుప్పటి సర్దుతున్నట్టు నటిస్తూ. 'ఈ పూట పని తక్కువగా ఉంది' అని ఆ వార్డులో ఎవరూ అనకూడదు. అంటే సాయంత్రంలోగా బండెడు మంది రోగులు దిగుతారని భయం. రోజూ చావును చూసేవాళ్లకు పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా అని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు మాత్రం మా ఇంటివాళ్లకు ఆ మంచం దేవుడికంటే దగ్గరగా కనిపించింది.

మా పక్కింటి అత్త ఆ వార్డులోనే ఆయా. మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లిందీ ఆమే. అమ్మకు గంజి కాచి తెచ్చేది, తల దువ్వి జడ వేసేది. మా అవ్వ, అంటే అమ్మను కన్న తల్లి, ఆ అత్త చేతులు పట్టుకొని రోజూ ఒకటే అడిగేది: తన బిడ్డను ఆ మంచం మీదికి మార్చమని. పెద్ద నర్సమ్మ ఒప్పుకోదని అత్త తప్పించుకునేది. ఒక బుధవారం ఆ మంచం ఖాళీ అయింది. అప్పటికి అమ్మకు ఆయాసం కాస్త తగ్గి, లేచి కూర్చుని అన్నం తింటోంది. మధ్యాహ్నం పెద్ద నర్సమ్మ భోజనానికి వెళ్లగానే అత్త చక్రాల కుర్చీ తెచ్చింది. బల్ల దగ్గర మిగిలిన చిన్న నర్సు కొత్తగా వచ్చింది, ఎదురు చెప్పలేదు.

అమ్మకు ఇష్టం లేదు. "ఈడే బాగుండాది లేమ్మా. నర్సమ్మ కండ్లెదురుగా ఉండాది," అంది.

"నోరు మూసుకోని లెయ్యి. శానామంది ఆ మంచం మీంచే నడ్సుకుంటా ఇంటికి పోయినారు," అంది అవ్వ.

"నేనెవరో ఆ మంచానికి తెలుసునా ఏమి," అని అమ్మ నవ్వింది. ఆ నవ్వుకే దగ్గు వచ్చింది. అయినా లేచి కుర్చీలో కూర్చుంది. కన్నతల్లి మాట కాదనే అలవాటు ఆమెకు లేదు.

అమ్మను ఆ మంచం మీద పడుకోబెట్టాక, అవ్వ పసుపు దారం కొనడానికి బజారుకు వెళ్లింది. నేను అమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాను. నిద్రపోతోందనుకున్నాను. ఆయాసం తిరగబెట్టినప్పుడు ఆమె నోట మాట రాలేదు. పిలవడానికి చేత్తో కమ్మీని కొట్టింది. అన్ని దారాల మీద పడ్డ దెబ్బ, చప్పుడు రాలేదు. మళ్లీ కొట్టింది. నేను వార్డు పొడవునా పరుగెత్తాను. చిన్న నర్సు, అత్త కలిసి సిలిండరును ఈడ్చుకుంటూ వచ్చారు. వచ్చేసరికి అమ్మ చెయ్యి కమ్మీ మీంచి జారిపోయింది.

అవ్వ దారం పొట్లంతో తిరిగొచ్చింది. ఆ మంచం మీద పడుకున్నవాళ్లంతా ఇంటికి పోయారే, తన బిడ్డ ఒక్కతే ఎందుకు పోలేదని పెద్ద నర్సమ్మను అడిగింది. ఆమె మెత్తగా చెప్పాలనుకుంటే చెప్పగలిగేదే. చెప్పలేదు.

"ఆ మంచం ఎవర్నీ ఇంటికి పంపలేదమ్మా. బాగై ఇంటికి పోయేటోళ్లనే మేము ఆడ పండబెడతాండాం. సావుకు దగ్గరుండేటోళ్లను మా కండ్ల ముందర పెట్టుకుంటాం."

నా వయసుకు ఆ మాట అర్థం కాకూడదు, అయింది. వార్డంతా లెక్కను తలకిందులుగా చేస్తూ వచ్చారు. అంత తెలిసిన మనిషి ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదో మాత్రం ఇప్పటికీ అర్థం కాలేదు.

రెండు రోజుల తర్వాత అమ్మ చీరలు, గిన్నెలు తెచ్చుకోవడానికి అవ్వతో కలిసి మళ్లీ వెళ్లాను. ఆ మంచం మీద ఎవరో అమ్మాయి కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంటోంది. అమ్మ ఎందుకు పోయిందో ఆయాలు అప్పటికే తేల్చుకున్నారు. మంచాన్ని చూసి నవ్వింది కాబట్టి పోయిందట. ఆ మాట మాకు చెప్పింది అత్తే, ఏడుస్తూ. అది అబద్ధమైతే ఆమెకు మిగిలేవి ఆ కుర్చీ తోసిన చేతులే. అవ్వ ఆ మాటను బతికినన్నాళ్లూ నమ్మింది. నాకు అన్నం కలిపి పెడుతూ, "మీయమ్మకు నమ్మకం లేకపాయ," అనేది. మేము మూట కట్టుకుని బయటికి వస్తుంటే పెద్ద నర్సమ్మ ఎదురుగా వార్డులోకి వచ్చింది. దుప్పటి సర్దుతున్నట్టు వంగి, కమ్మీని తాకింది.

నేను పెద్దయ్యాక లెక్కల టీచరునయ్యాను. ఫలానా చోటు మంచిది, ఫలానా చెయ్యి మంచిది అని ఎవరైనా చెబితే, అక్కడికి ఎవరిని పంపుతున్నారని అడుగుతాను. నన్ను చాదస్తురాలంటారు, అననీ.

మొన్న గుండెలో నొప్పి వస్తే నన్ను కడపలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. ఆయా మంచి పిల్ల. కిటికీ పక్క మంచం చూపించి, "ఈడ పండుకో అవ్వా, ఈడ పండుకున్నోళ్లు బిన్నా, రెండు దినాలకే ఇంటికి పోతారు," అంది. నేను నర్సుల బల్ల పక్క మంచమే కావాలన్నాను. అక్కడ లైటు కళ్లలో పడుతుంది, ఫోన్లు మోగుతూనే ఉంటాయి, నిద్ర ఉండదు. పడుకునే ముందు చేత్తో కమ్మీని ఒకసారి కొట్టి చూశాను. గట్టిగానే మోగింది. నర్సు తలెత్తి చూసింది.