శ్రీలలిత టీచరు జట్టు

పి.గన్నవరం హైస్కూల్లో సైన్సు చెప్పే శ్రీలలిత టీచరు కొప్పులో పెన్సిలు గుచ్చుకుని, కొంగు నడుముకి దోపుకుని, రోబో తయారుచేస్తున్న పిల్లల మధ్య నేలమీదే కూర్చుంటారు. చేతులు మాత్రం ఒళ్లోనే ఉంచుకుంటారు. స్క్రూ ఒక్కటైనా తాను తిప్పరు. ప్రోగ్రామింగ్ ఆవిడకీ కొత్తే. కాకినాడ నుంచి ఇంజనీరింగ్ విద్యార్థి ఎవరైనా వచ్చి పాఠం చెబితే, "నాకర్థం కాలేదండీ, మళ్లీ చెప్పండి" అని అందరికన్నా ముందు ఆవిడే అడుగుతారు. ఆ తర్వాత అడగడానికి పిల్లలకి సిగ్గుండదు.

అమలాపురంలో రోబోల పోటీకి ముందురోజు రోబో తాను నడవాల్సిన నల్లగీత వదిలేసి గోడకి గుద్దుకుంది. ప్రోగ్రామ్ రాసిన పవన్ తప్పు వైరింగ్‌దన్నాడు. వైరింగ్ చేసిన లావణ్య తప్పు ప్రోగ్రామ్‌దంది. మాటామాటా పెరిగి, జట్టులో ఉండనంటూ లావణ్య బ్యాగు తగిలించుకుంది. టీచరు కోప్పడలేదు.

"వెళ్దువుగానిలేమ్మా. ముందు నీ పని వాడికి నేర్పి, వాడి పని నువ్వు నేర్చుకో."

"ఇప్పుడాండీ? రేపే కదండీ పోటీ!"

"అందుకే ఇప్పుడు."

ఇద్దరూ మూతులు ముడుచుకునే మొదలెట్టారు. గీతను చూసే సెన్సరు నేలకి మరీ ఎత్తుగా ఉందని సాయంత్రానికి పవన్ కనిపెట్టాడు. దాన్ని కిందికి దించాక, మలుపుల్లో వేగం తగ్గేలా లావణ్య ప్రోగ్రామ్ మార్చింది.

పోటీలో రెండో స్థానం వచ్చింది. మర్నాడు అసెంబ్లీలో హెడ్మాస్టరుగారు, "ప్రోగ్రామ్ ఎవరు రాసేర్రా?" అని అడిగారు.

"లావణ్యేనండీ" అన్నాడు పవన్.

"ఆయ్, మలుపులు మాత్రమేనండీ. మిగతాదంతా పవనేనండీ" అంది లావణ్య.