గుమ్మంలో పెట్టిన గంజి

నలభైల నాటి తిండి కరువులో, నా భార్య పోయిన కొత్తలో, నౌపడలో సర్కారు తెరిచిన గంజి కేంద్రంలో పనిచేశాను. ఉప్పుమళ్ల దగ్గర ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ నడవలేదని, నెలపాటు రోజూ ఆమె ఇంటికి నేనే గంజి తీసుకెళ్లాను.

ఒకరోజు చూస్తే నిన్నటి గంజి అలాగే ఉంది. ఎందుకు తాగలేదని అడిగాను.

"మునుపు ఈదిలోవోళ్లు వంతులేసుకొని కూడు తెచ్చీవోరు బాబూ. కూకొని నాలుగు మాటలాడీవోరు. సర్కారు గంజొస్తన్నాదని ఇప్పుడెవులూ రారు. మీరేమో తపాలా బంట్రోతునాగ గుమ్మంలో పెట్టీసి పోతారు. ఒక్కదాన్నీ తాగితే గొంతు ఎలాగ దిగుతాది?"

సిగ్గుతో తల దించుకున్నాను. ఆమె ఆకలిని చూశాను గాని, ఆమె చుట్టూ ఉన్న మనుషులను చూడలేదు. మర్నాటి నుంచి ఆమె గిన్నె పక్కింటివాళ్ల చేతికిచ్చాను. వాళ్లు మళ్లీ ఆమె దగ్గర కూర్చోసాగారు.

ఇంట్లో ఒక్కణ్నే తింటూ నేనూ రోజూ సగం అన్నం వదిలేస్తున్నానని అప్పుడే గమనించాను.