మహిమ టీచర్ పొద్దెక్కక ముందు ఆట

ములకలపల్లి దాటినాక అడవిని ఆనుకుని ఆడపిల్లల హాస్టల్ స్కూలు ఒకటి ఉంది. మహిమ అక్కడ ఆటల టీచరు. సొంతూరు తల్లాడ. ఖోఖోలో ఆమె తయారుచేసిన పిల్లలంటే పక్క మండలాల వాళ్ళకు కూడా జంకే.

ముప్పై దాటిన ఏడాది ఆమెకు ఎండ పడకుండా పోయింది. గ్రౌండులో కాసేపు నిలబడితే చాలు, ముక్కుకు అటూఇటూ బుగ్గల మీద ఎర్రగా మచ్చలు లేచేవి. పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకునేవి కావు. దుమ్ము పడట్లేదేమోనని కొన్నాళ్ళు ఏదో మందు పూసుకుంది. పాదాలు వాచి బూట్లు పట్టకపోయేసరికి ఖమ్మం దవాఖానాకు పోయింది.

డాక్టర్ సుజాత పరీక్షలన్నీ చేయించి, లూపస్ అని చెప్పింది.

"మన ఒంట్ల కణాలు రోజూ చస్తుంటయి మహిమా. రోగాలతో కొట్లాడే తెల్లకణాలు కూడా అంతే. చచ్చినవాటిని ఒళ్ళే ఎప్పటికప్పుడు ఊడ్చేసుకుంటది. నీకు ఆ ఊడ్పు సరిగ్గ జరుగుతలేదు. మిగిలిపోయిన తునకలను చూసి, బయటి శత్రువు వచ్చిందనుకుని నీ తెల్లకణాలు నీ మీదనే పడుతున్నయి. కీళ్ళ వాపు అందుకే. ఇప్పుడు కిడ్నీల దాకా పోయింది. ఎండ తగిలితే చర్మంల ఇంకిన్ని కణాలు చస్తయి, వాపు ఇంకా పెరుగుతది."

"తగ్గుతదా మేడం?"

"మొత్తం పోదు. అదుపుల పెట్టొచ్చు. బాగయింది కదా అని మందులు మాత్రం ఆపొద్దు."

"మరి నా గ్రౌండు?"

"ఎండ లేనప్పుడు పో."

మహిమ ఆ మాటే పట్టుకుంది. ప్రాక్టీసు తెల్లవారుజాముకు మార్చింది. నిండు చేతుల చొక్కా, పెద్ద టోపీ. మందులకు ముఖం గుండ్రంగా ఉబ్బింది. అది చూసి ఊళ్ళో ఏవేవో అనుకున్నారు. జట్టులో అందరికంటే జోరుగా ఉరికే శారదను ఇంటికి తీసుకుపోతానని వాళ్ళ నాయన జంపయ్య అడవి పల్లె నుంచి వచ్చిండు.

"మీకు అంటురోగమని అంటున్నరు మేడం."

"కూసో అన్నా," అంది మహిమ. "అంటేదే అయితే ముందుగాల మా అమ్మకు రావాలె. ఒక్క మంచం మీదనే పండుకుంటం. నా ఒంటికి కావలి ఉండాల్సినవే నన్ను కొడుతున్నయి. నీ బిడ్డ జోలికి రావు. నమ్మకం లేకుంటే రేపు పొద్దున్నే ఆట చూసి పో."

జంపయ్య ఆగిండు. మర్నాడు మంచులో బిడ్డ ఉరుకుతుంటే కంచె పట్టుకుని నిలబడి చూసిండు. పోయేటప్పుడు, "ఉండనీ మేడం, మీ దగ్గర్నే ఉండనీ," అన్నడు.

ఆ చలికాలం జిల్లా పోటీలు మిట్టమధ్యాహ్నం పెట్టిండ్రు. గీత దగ్గర నిలబడాలని మహిమ మనసు లాగింది. అయినా టెంటు నీడ దాటలేదు. జట్టును శారద చేతిలో పెట్టి కూర్చుంది. ఫైనల్లో కొద్దిలో ఓడారు. పిల్లలు ఏడిస్తే మహిమ ఏడవలేదు, ఎక్కడ తప్పారో అక్కడే చెప్పింది.

తరువాతి పరీక్షల్లో, కిడ్నీలు దెబ్బతిని మూత్రంలో పోతున్న ప్రోటీన్ బాగా తగ్గింది. పాదాల వాపు పోయింది. రోజూ మాత్ర వేసుకుంటూనే, మహిమ ఇప్పుడు చిన్న క్లాసుల పిల్లల్లోంచి కొత్త జట్టు కడుతోంది.