జడ విప్పే ఆంటీ

అమెరికాలో, ఎడిసన్‌లో మా వీధి చివర ఉండే రిటైర్డ్ డాక్టర్ ఆంటీకి ఒక అలవాటు ఉండేది. పార్కు నుంచి వచ్చిన ఏ పిల్లనైనా ఒళ్ళో కూర్చోబెట్టుకుని, జడ విప్పేసి, పాయలు తీస్తూ చెవుల వెనకా మెడ మీదా వెతికేవారు. మా అమ్మాయికి పేలున్నాయని నలుగురిలో చాటుతున్నారేమోనని నాకు ఒళ్ళు మండేది.

"పేలు కాదమ్మా, పిడుదులు, రక్తం తాగే పురుగులు. ఇక్కడి గడ్డిలో ఉంటాయి. కుడితే లైమ్ జబ్బొస్తుంది," అనేవారు. నేను నమ్మలేదు. ఆవిడ కనిపిస్తే చాలు, పాపని పక్కకి లాక్కుపోయేదాన్ని.

ఆ వేసవిలో మా అమ్మాయి తలనొప్పి, నీరసం అంటూ డాన్స్ క్లాసు మానేసింది. పిల్లల డాక్టరు లైమ్ టెస్ట్ కూడా చేయించి, నెగెటివ్ అన్నాడు. ఇంకేముంది, నాటకమని తేల్చేశాను. కొన్నాళ్ళకి ఒక పుట్టినరోజు పార్టీలో, ఫొటో తీస్తుంటే మూతి వంకరగా పెట్టింది. "వెక్కిరింతలు చాలు!" అని అందరిముందూ కసిరాను.

అక్కడే ఉన్న ఆంటీ దాని గడ్డం పట్టుకుని, "కళ్ళు గట్టిగా మూసుకో బంగారం," అన్నారు. ఒక కన్ను మూతపడలేదు. "లైమ్ టెస్ట్ నెగెటివ్ వచ్చిందిగా," అన్నాను.

"ఆ జబ్బే మొహం నరానికి పాకినట్టుంది. ఆ టెస్ట్ మరీ ముందు చేసినట్టున్నారు. మొదట్లో రక్తంలో తెలియదు. ఇప్పుడే తీసుకెళ్ళు."

ఈసారి పాజిటివ్ వచ్చింది. మందులు వాడాక పాప నవ్వు మెల్లగా సరైంది.

థాంక్స్ చెబుదామని వెళ్తే, ఆంటీ నా వైపు చూడకుండా పాప జడ విప్పుతూ అన్నారు: "మా వాడు ఇదే జబ్బుతో మోకాలు నొప్పంటే స్కూలు ఎగ్గొట్టడానికే అనుకున్నాను. డాక్టర్ని కదా, నాకు తెలియదా అనుకున్నాను. ఏడాదంతా కుంటుతున్నవాణ్ణి అలాగే పంపించాను."