మిర్యాలగూడ మిల్లులో గొంగడి సినిమా

స్వరూప తీసిన చిన్న సినిమా ఒకటి ఫోన్‌లో చూసి, మిగతావి ఎక్కడ దొరుకుతాయని మెసేజ్ పెట్టాను. "ఎక్కడా దొరకయ్. ఆదివారం మిర్యాలగూడల సూపిస్తున్న, రాండ్రి" అని జవాబొచ్చింది. ఏప్రిల్ ఎండలని కూడా చూడకుండా బయల్దేరాను. తిరగడానికి నాకు పెద్ద కారణం అక్కర్లేదు.

ఎనిమిదింటికి సూర్యాపేట బస్టాండులో కలిశాం. ప్రొజెక్టర్ కోదాడలో తీసుకోవాలి కాబట్టి దారి అటుగానే. స్వరూప పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి బతుకుతూ, ఎనిమిదేళ్లలో నాలుగు సినిమాలు తీసింది. ఎవరు ఎలా బతకాలో ఎవరు నిర్ణయించారన్నదే అన్నిట్లోనూ ఆమె గొడవ. గొర్లకాపరులైన స్వరూప వాళ్ల ఇళ్లలో ఉన్ని వడికేది ఆడవాళ్లు, గొంగడి కప్పుకుని మందతో పోయేది మగవాళ్లు. కొత్త సినిమాలో ఆ గొంగడి ఒక అమ్మాయి కప్పుకుంటుంది. మునగాల దాటుతుంటే తన ఊరి దారి చూపించి, "మా నాయిన నా సినిమా ఒక్కటి గూడ సూడలే. గిది మొదలువెట్టినప్పటి సంది మాట్లాడ్తలేడు. నలుగుట్ల తల దించుకునేటట్టు చేసిన్నట" అంది. వరి కోతలయ్యాక ఆయన మందను మిర్యాలగూడ కాలువ పొలాలకు తోలుకెళ్లాడు. అందుకే సినిమా అక్కడ వేస్తోంది. కబురైతే పంపింది, వస్తాడన్న నమ్మకం లేదు.

కోదాడలో ఇడ్లీ తిని, హుజూర్‌నగర్‌లో బస్సు మారి, మిర్యాలగూడ చేరేసరికి పన్నెండున్నర. ఆటో అతను ముప్పై తీసుకుని, "సినిమా అంటే టాకీసుకు పోవాలె గని, మిల్లుకెందుకక్కా?" అన్నాడు. "జర సూసి పోరాదే అన్నా" అంది స్వరూప. అతను నిజంగానే ఆగిపోయాడు.

రెండింటికి బియ్యం మిల్లు గోదాము తలుపులు మూసి, తెల్లదుప్పటి కట్టి సినిమా వేసింది. హమాలీలు, మిల్లు పని ఆడవాళ్లు బస్తాల మీద కూర్చున్నారు. మొదలైన కాసేపటికి తలుపు తెరుచుకుంది. భుజాన గొంగడి, చేతిలో కర్రతో ఒక పెద్దాయన వచ్చి గోడకు ఆనుకున్నాడు. "మా నాయిన" అని స్వరూప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆయన చివరిదాకా నిలబడే చూశాడు. లైటు వేయగానే, "తప్పు తీసినవ్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇంత దూరం వచ్చింది ఈ మాట అనడానికా అనుకున్నాను.

"వానల గొంగడి గట్ల కప్పుకుంటరా? నీళ్లన్నీ మెడల వడ్తయ్. గా పిల్ల తడిసి జరం తెచ్చుకుంటది. ఇటు రా."

తన గొంగడి తీసి ఒక మూల లోపలికి మడిచి, కూతురి తలమీదుగా కప్పి, గదవ కింద సర్దాడు. "గిట్ల."

"మళ్ల తీస్త నాయినా."

"తీసేటప్పుడు నన్ను పిలువు. గొంగడి నీ కాడనే ఉండనీ" అని, మంద ఒక్కటే ఉందంటూ వెళ్లిపోయాడు.

ఆడపిల్ల గొంగడి కప్పుకోవచ్చా అన్న మాటే ఆయన ఎత్తలేదు. ఎలా కప్పుకోవాలో చెప్పాడు, అంతే. ఎనిమిదేళ్ల గొడవకు అంతకంటే ఏం కావాలో నాకు తెలియదు. తిరుగు బస్సులో నేనే ఎక్కువ ఏడ్చాను. ఒక్క సలహా మాత్రం చెప్తాను: కోతల తర్వాత ఈ దారిన వెళ్తే మనిషికి రెండు నీళ్ల సీసాలు పెట్టుకోండి. నా రెండోది స్వరూపే తాగేసింది. సూర్యాపేట దాకా చెమటలు కారిపోతున్నా, గొంగడి మాత్రం ఒంటిమీంచి తీయలేదు.