మెడలోని భూతద్దం

పరిశోధన కేంద్రంలో ఆమెను ‘భూతద్దం మేడమ్’ అనేవారు. మెడలో నల్లతాడుకు వేలాడే ఆ చిన్న అద్దాన్ని ఆమె తీయగా ఎవరూ చూడలేదు. గోధుమకు జబ్బు చేయించడం ఆమె పని. గాజు గదిలో లేత మొక్కల మీద నారింజ రంగు తుప్పు తెగులు పొడి చల్లి, ఏ రకం మాడుతుందో, ఏది తట్టుకుంటుందో ఆకు ఆకూ పట్టి చూసేది. ఉద్యోగమంతా ధారపోస్తే ఒక్క రకం నిలిచింది. తమ్ముడు పొలమంతా అదే వేశాడు.

ఆ చలికాలంలో ఎక్కడినుంచో పరీక్షకు వచ్చిన ఆకుల మీద కొత్త తుప్పు కనిపించింది. గాజు గదిలో పెంచి చూస్తే ఆమె రకం కూడా దానికి లొంగిపోయింది. ఆ రోజే తమ్ముడి చేను చూడాలని బయలుదేరింది. గాజు గదిలోంచి వచ్చినవాళ్ళు తలస్నానం చేసి, బట్టలూ చెప్పులూ మార్చుకోనిదే ఏ చేలోనూ అడుగు పెట్టకూడదు. అవన్నీ చేసింది. స్నానానికి ముందు కిటికీలో పెట్టిన భూతద్దాన్ని, అలవాటు కొద్దీ మళ్ళీ మెడలో వేసుకుంది.

చేను పచ్చగా ఉంది. ఆమెకు ప్రాణం లేచివచ్చింది. గట్టు పక్కన మంచుకు తడిసిన ఆకులను ఒక్కొక్కటే అద్దానికి ఆనించి చూపించింది.

“చూడరా, ఒక్క మచ్చ లేదు.”

“నాకేం తెలుస్తుందక్కా. నువ్వు బాగుందంటే బాగున్నట్టే.”

“మీ తమ్ముడు నా మొహమైనా ఇంత దగ్గరగా చూసింది లేదు వదినా,” అంది మరదలు.

వెన్నులు వేసే వేళకు తమ్ముడు ఫోన్ చేశాడు. ఆమె వెళ్ళేసరికి, చేలోంచి వచ్చిన అతని చొక్కా నిండా నారింజ రంగు పొడి.

“గాలికి వచ్చిందేమో అక్కా. మన చేతుల్లో ఏముంది.”

గాలికి వచ్చేది చేనంతా అక్కడక్కడా వాలుతుంది. ఇది గట్టు పక్కన, ఆమె నిలబడ్డచోట మొదలై లోపలికి పాకింది. ఆకు చూడబోయి భూతద్దం ఎత్తింది. తాడు ముడిలో అదే రంగు.

“గాలి కాదురా. నేనే తెచ్చాను.”

ఎలా తెచ్చిందో చెప్పింది. తమ్ముడు చొక్కా మీది పొడిని అరచేత్తో తుడుచుకున్నాడు.

“విత్తనమూ నువ్వే ఇచ్చావు, తెగులూ నువ్వే తెచ్చావు. ఇక బయటివాళ్ళతో నాకేం పని?”

ఆ పంట పశువుల మేతకు పోయింది.

ఇప్పటికీ తమ్ముడింటికి వెళ్తుంది. మరదలు వాకిట్లోనే తన పాత చీర అందిస్తుంది. “ఏమీ అనుకోకు వదినా.” ఆమె మార్చుకుంటుంది. అన్నం తిన్నాక, ఉండబట్టలేక అడుగుతుంది.

“చేను ఎలా ఉందిరా?”

తమ్ముడు ముందు ఆమె మెడ వంక చూస్తాడు. అక్కడేమీ ఉండదు.

“ఉందక్కా,” అంటాడు. చూద్దాం రమ్మనడు.